సంక్రాంతి: పిల్లలు ఎదిగేకొద్దీ ఇంట్లో ఏది ఆపాలి, ఏది మార్చాలి, ఏది వాళ్ళకి అప్పజెప్పాలి?

సీతాఫలం
అందరికీ నమస్కారం. ఇంట్లో మూడేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి. ఉండేది హైదరాబాదులో అపార్ట్‌మెంట్, పండక్కి వెళ్ళేది భీమవరం దగ్గర ఊరు. పాపకి భోగిపళ్ళు సరే, బాబు మాత్రం "నాకు పొయ్యొద్దు" అంటున్నాడు. పెద్దమ్మాయికి జనవరిలోనే జేఈఈ. పిడకల దండలు, ముగ్గులు, బొమ్మల కొలువు, అరిసెలు అన్నీ పాత లెక్కలోనే చేయాలంటే చేతులు చాలడం లేదు. తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి. "మా రోజుల్లో" కబుర్లు వద్దు, పని జరిగే మాట కావాలి.

కోనసీమ_కొబ్బరి
సీతాఫలం గారూ, ముందు పండగని మూడు ముక్కలు చేసి చూడండి.

వేళకి కట్టుబడినవి కొన్ని: భోగి తెల్లవారుజామున మంట, తలంటు, సాయంత్రం భోగిపళ్ళు, సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టుకోవడం, కనుమ నాడు పశువుల పూజ. ఇవి జరపలేం. వయసుకి కట్టుబడినవి కొన్ని: భోగిపళ్ళు, పిడకల దండ, కొత్తల్లుడి మర్యాదలు. ఇవి వస్తాయి, వాటంతట అవే పోతాయి, పోయినందుకు బెంగ అక్కర్లేదు. మిగిలినవన్నీ చేతులకి కట్టుబడినవి: పిండివంటలు, ముగ్గు, కొలువు.

ఇళ్ళలో చికాకంతా ఈ చివరి దానితోనే. చేసేవాళ్ళు తగ్గినా కొలత తగ్గించరు. ఎనిమిది మంది చేసిన అయిదు కిలోల అరిసెలు ఇద్దరితో చేయించి, భోగి నాటికి మంచం ఎక్కుతారు. ఇంకో తప్పు, పదేళ్ళు దాటిన పిల్లల్ని ఇంకా పండగ చూడ్డానికి వచ్చిన చుట్టాల్లా కూర్చోబెట్టడం. భోగిపళ్ళు ఆగిపోయిన ఏడాదే ఆ పిల్లాడి చేతిలో ఏదో ఒక పని పూర్తిగా పెట్టాలి. సాయం కాదు, పూర్తి పని. సరుకు తేవడం దగ్గర్నుంచి చివర శుభ్రం చేయడం దాకా వాడిదే.

చామంతి_రేకు
భోగిపళ్ళ సంగతి నేను చెప్తాను.

ఏ వయసు దాకా అన్నది ఇంటింటికీ తేడా. కొందరు అయిదేళ్ళతో ఆపేస్తారు, కొందరు పదీ పన్నెండు దాకా పోస్తారు. మొదలుపెట్టడం ఎక్కువ ఇళ్ళలో బేసి సంవత్సరంలో. బాబు వద్దంటే బలవంతం చేయకండి. పీట మీద కూర్చోబెట్టకుండా అక్షింతలు వేసి చేతిలో డబ్బులు పెట్టండి, చాలు. చెల్లెలి పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడే పని వాడికివ్వండి.

ఒక బిడ్డకి కావలసినవి: రేగిపళ్ళు అరకిలో, చామంతి, బంతి రేకులు రెండు దోసిళ్ళు, చెరుకు ఒక జానెడు ముక్క, చిల్లర రూపాయి నాణేలు పదకొండు, అక్షింతలు. కొందరు నానబెట్టిన శనగలు కూడా కలుపుతారు. పెద్ద రేగుపళ్ళు, అవే యాపిల్ రేగు అని అమ్ముతారు చూడండి, అవి వద్దు. నెత్తిమీద పడితే దెబ్బ తగులుతుంది. ఎర్రగా పండిన చిన్న నాటు రేగిపళ్ళే తీసుకోండి. మెత్తబడినవి ఏరేయాలి, లేకపోతే పట్టుపరికిణీ మీద మరకలు పడతాయి. చెరుకు చెక్కు తీసి గోరంత ముక్కలు కొట్టండి. చెక్కుతో వదిలేస్తే అంచులు గీసుకుంటాయి.

బిడ్డని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, దోసిట్లోకి తీసుకుని తల చుట్టూ మూడు సార్లు తిప్పి పైనుంచి మెల్లగా వదలాలి. పోసేవాళ్ళు పది మంది ఉంటే మొదటి ఇద్దరికే అంతా అయిపోతుంది కాబట్టి ఒక్కొక్కరికి చిన్న గిన్నెతో కొలిచి ఇవ్వండి. చివర పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో హారతి. దిష్టి తీసిన పళ్ళు బిడ్డ తినకూడదని చాలా ఇళ్ళలో పట్టింపు.

మూడేళ్ళ పాప అన్నారు కాబట్టి ఒక మాట. నాణేలు, రేగిగింజలు, శనగలు ఈ మూడూ గొంతులో అడ్డం పడే వస్తువులే. పోసేముందు నాణేలు లెక్కపెట్టి, ఎత్తాక మళ్ళీ లెక్కపెట్టాలి. కింద తెల్ల దుప్పటి పరిస్తే నాలుగు మూలలూ పట్టి ఒక్కసారిగా ఎత్తేయొచ్చు. లెక్కపెట్టే పని పదకొండేళ్ళ అన్నయ్యకి అప్పజెప్పండి, ఒక్కటి తగ్గినా సోఫా కింద దూరి వెతుకుతాడు.

నిజాం_నాటు
పళ్ళు పోసేటప్పుడు పిల్ల ఏడిస్తే?

చామంతి_రేకు
మేనమామ ఒళ్ళోనో నాన్న ఒళ్ళోనో కూర్చోబెట్టి, రేకులు మాత్రం పోయండి. పళ్ళు పాదాల దగ్గర వదిలితే చాలు. పాప ముందు మధ్యాహ్నం నిద్రపోవాలి. సగం ఏడుపులు నిద్ర చాలకే.

పిడకల_దండ
పదకొండేళ్ళ వాడికి సరిగ్గా సరిపోయే పని భోగి పిడకలు. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. ఊళ్ళో అయితే గొబ్బెమ్మలు పెట్టిన పేడే పిడకలు చేస్తారు. పట్నంలో ఉన్నవాళ్ళు సెలవు చూసుకుని డిసెంబరు చివరి వారంలోపు చేసేయాలి. సంక్రాంతి వారంలో చేసినవి ఎండవు.

తాజా ఆవుపేడ బకెట్‌లో సగం, అందులో గుప్పెడు ఊక గానీ సన్నగా తరిగిన గడ్డి గానీ కలపండి. ఊక లేకపోతే ఎండేటప్పుడు బీటలు వారి, దండ గుచ్చేటప్పుడు విరుగుతాయి. అరచేతిలో పట్టేంత సైజు, మందం అర అంగుళం దాటకూడదు. మందంగా చేస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటాయి. అవి మంటలో పొగే తప్ప మండవు. నడిమికి వేలితో చిల్లు. ఆ చిల్లు ఎండేకొద్దీ మూసుకుపోతుంది, రెండో రోజు పుల్లతో మళ్ళీ తిప్పాలి. అందరూ మరిచిపోయేది ఇదే. సిమెంటు నేల మీద పెడితే అడుగున చెమ్మ పట్టి అంటుకుపోతాయి. కింద బూడిదో పొట్టో చల్లి, మూడో రోజు తిరగేయండి. మంచి ఎండ ఉంటే వారం పది రోజులు. రెండు పిడకలు ఒకదానికొకటి తగిలిస్తే చెక్క ముక్కల్లా శబ్దం రావాలి, అప్పుడు ఎండినట్టు.

గుచ్చడానికి కొబ్బరి పురికొస వాడండి, ప్లాస్టిక్ తాడు వద్దు, మంటలో వేసేది కదా. పదకొండో ఇరవై ఒకటో గుచ్చుకోవచ్చు. చిన్నదానికి అయిదు పిడకల దండ విడిగా చేయించండి, మోయగలగాలి.

లిఫ్ట్_పక్కన
పిడకలు సరే, అపార్ట్‌మెంట్‌లో మంట ఎక్కడ వేయిస్తారు? సెల్లార్‌లో వేసేవాళ్ళని చూస్తున్నాం.

కోనసీమ_కొబ్బరి
సెల్లార్‌లో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, పొగ మెట్లదారి పట్టుకుని పై అంతస్తుల దాకా పోతుంది. ఆరుబయట, కార్లకీ గ్యాస్ పైపుకీ దూరంగా వేయాలి. టైల్స్ మీద, కాంక్రీటు మీద నేరుగా వేస్తే వేడికి పెళ్ళలు లేచిపోతాయి, టైలు టప్పున పేలుతుంది. ఒక వరుస ఇటుకలు, దాని మీద మూడంగుళాల ఇసుక, ఆపైన కట్టెలు. పాత ప్లైవుడ్, వార్నిష్ కొట్టిన కుర్చీ కాళ్ళు, టైర్లు వేయొద్దు, ఆ జిగురు పొగ పిల్లల కళ్ళకీ ఊపిరికీ మంచిది కాదు. ఎండు మామిడి కట్టె, పిడకలు, కొబ్బరి మట్టలు చాలు. రెండు బకెట్ల నీళ్ళు పక్కనుండాలి. పిల్లలకి నూలు బట్టలు వేయండి. కొత్త పట్టులంగా తలంటు తర్వాత.

సీతాఫలం గారు ఊరికి వెళ్తున్నారు కాబట్టి వాళ్ళకి ఈ బాధ లేదు. మిగతా వాళ్ళ కోసం చెప్పాను.

చుక్కల_ముగ్గు
ముగ్గు దగ్గర పిల్లలు ఎందుకు పారిపోతారంటే, మొదటి రోజే పదిహేను చుక్కల ముగ్గు వేయమంటాం కాబట్టి. 15 నుంచి 8 దాకా సందు చుక్క (ఒక వరుస చుక్కల సందుల్లో తర్వాతి వరుస చుక్కలు) పెడితే మొత్తం 169 చుక్కలు. ఒక్క వరుస పక్కకి జరిగితే చివరికి గీత కలవదు, అంతా చెరపాలి.

మెట్లు ఇలా పెట్టుకోండి. ఏడెనిమిదేళ్ళకి 5 నుంచి 3 సందు చుక్క, 19 చుక్కలు. పది పన్నెండుకి 7 నుంచి 4, 37 చుక్కలు. అది తడబడకుండా వచ్చాకే 15. ఎదురు చుక్కలో (చుక్కకి సరిగ్గా ఎదురుగా చుక్క) 15 నుంచి 1 దాకా వేస్తే 113. మధ్య వరుస ముందు పెట్టి, తర్వాత పైకీ కిందకీ పోవాలి. పై వరుస నుంచి మొదలుపెట్టిన వాళ్ళదే వంకర పోతుంది. నేల మీద సుద్దముక్కతో మధ్యగీత కొట్టుకుంటే సగం తప్పులు తగ్గుతాయి.

పిండి విషయం. ఉత్త బియ్యప్పిండి గాలికి ఎగురుతుంది, ముగ్గుపిండి ఒక్కటే అయితే గరుకుగా పడుతుంది. సగం సగం కలిపి జల్లిస్తే చూపుడు వేలు, బొటనవేలు మధ్య నుంచి ధార సన్నగా జారుతుంది. కళ్ళాపి చల్లిన నేల తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు వేయాలి. గ్రానైటు గుమ్మం మీద పొడిపిండి నిలవదు. అక్కడ తడి బియ్యప్పిండితో వేలి కొనతో గీయండి. వేసినప్పుడు కనిపించదు, భయపడి దిద్దకండి, ఆరాక తెల్లగా తేలుతుంది.

రంగులు ఒక వంతుకి మూడు వంతులు సన్న ఇసుక కలపండి. చాలామంది ఉప్పు కలుపుతారు. రాత్రి వేసిపెట్టుకుంటే మంచుకి ఉప్పు నీరు పట్టి, తెల్లారేసరికి ఎరుపంతా తెల్లగీత మీదకి పారుతుంది. కోస్తా వైపు ఇది మరీ ఎక్కువ.

ఇంటర్ అమ్మాయికి ముగ్గంతా అప్పజెప్పకండి. ఆ పిల్లకి కనుమ నాటి రథం ముగ్గు ఒక్కటి వదలండి. ఇరవై నిమిషాల పని.

ఓరుగల్లు_వదిన
ఇక్కడ అందరూ అరిసెలే అంటున్నరు, మా దిక్కు సంక్రాంతి అంటే సకినాలు. పిల్లలు పెద్దగైతుంటే ఈ పనిల వాళ్ళని కలుపుకునుడు అన్నిటికన్నా అల్కగ అయితది, ఎందుకంటే సకినాలు ఒక్కరితోని అయ్యేటివి గావు. పెద్ద బట్ట పరిచి నలుగురు చుట్టూ కూసుంటేనే అయితయి.

కిలో బియ్యం రాత్రంత నానవెట్టి, పొద్దుగాల నీళ్ళు వంపి, తడి ఉండంగనే గిర్నీ పట్టియ్యాలె. పిండి జల్లెడ వట్టి అండ్ల నువ్వులు పావుకిలకు కొంచెం తక్కువ, ఓమ రెండు పెద్ద చెంచాలు, ఉప్పు సరిపడ. నీళ్ళు కొంచెం కొంచెం పోసుకుంట మెత్తగ కలపాలె. వెన్న, నూనె ఏమొద్దు. పిండంత ఒక్కసారి తడపొద్దు, పక్కకు వెట్టి తడిబట్ట కప్పుండ్రి, పావు వంతు పావు వంతు తడుపుకోవాలె. తడిపిన పిండి చాలసేపు కూసుంటే తీగ తెగుతది.

చుట్టుడు ఎట్లంటే, పిండి మూడు వేళ్ళ నడుమ వట్టి బొటనవేలుతోని తిప్పుకుంట మెలిక వడాలె. మెలిక లేకుంటే అది సకినం గాదు, ఊకె జంతిక. నేర్చుకునే పిల్లలకు ముందుగాల రెండు చుట్లే చెప్పుండ్రి, చేయి తిరిగినంక మూడు నాలుగు. పదేండ్ల పిల్లలు ఒక పూటల పట్టుకుంటరు. వంకరైనవి పారెయ్యకుండ్రి, అవి ముందుగాల తినెటందుకు.

కాల్చుడు పెద్దోళ్ళ పని. చుట్టినంక బట్ట మీద అర్ధగంట ఆరాలె, బట్ట నీళ్ళు గుంజుకుంటది. పచ్చిగ ఉన్నప్పుడే నూనెల వేస్తే ఇచ్చుకపోతయి, ఒక్కోపారి పేలి నూనె మీదికి ఎగురుతది. మరీ ఎక్కువ ఆరితే తీయంగనే ఇరుగుతయి. పళ్ళెం కొనతోని లేపి, నడిమి మంట మీద తెల్లగనే తియ్యాలె. ఎర్రగైతే చేదు.

హాస్టల్‌కు పంపేటప్పుడు పూర్తిగ సల్లారినంకనే డబ్బల వెట్టుండ్రి. ఎచ్చగ మూత వెడితే చెమటవట్టి మెత్తగైతయి. సరిగ్గ వెడితే నెల దాక కరకర ఉంటయి.

బెల్లం_పాకం
వదిన గారు చెప్పింది బాగుంది. అరిసెలకి కూడా ఇద్దరికి సరిపోయే కొలత ఇస్తున్నాను. అయిదు కిలోల లెక్క వదిలేయండి.

బియ్యం అరకిలో, బెల్లం 350 గ్రాములు, నువ్వులు రెండు చెంచాలు, నెయ్యి రెండు చెంచాలు, యాలకుల పొడి. మామూలు పచ్చిబియ్యం, కాస్త లావు రకమైతే మంచిది. బాస్మతి, స్టీమ్ బియ్యం వద్దు. ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండు మూడు సార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. జల్లిబుట్టలో అరగంట వాడ్చి, తడితోనే పిండి పట్టించి, వెంటనే గిన్నెలో నొక్కి మూత పెట్టాలి. ఇంటికి వచ్చేలోపు పిండి ఆరితే అరిసె రాయిలా వస్తుంది. మిల్లు దూరమైతే మిక్సీలోనే కొంచెం కొంచెంగా తిప్పి జల్లించుకోండి, అరకిలోకి మిక్సీ చాలు.

బెల్లంలో చిన్న టీ గ్లాసుడు నీళ్ళు పోసి కరిగించి వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే వేళ్ళతో దగ్గరకి చేరి మెత్తటి ఉండ కావాలి. ఆ ఉండని పళ్ళానికేసి కొడితే టంగున మోగితే ముదిరినట్టే, అది పల్లీపట్టి పాకం. నీళ్ళలో కరిగిపోతే లేతది, అరిసె నూనెలో విడిపోతుంది. చిన్న కొలతతో చేసేవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. బెల్లం తక్కువ కాబట్టి పాకం చూస్తుండగానే ముదురుతుంది. ఉండ కట్టగానే స్టవ్ ఆపి, నెయ్యి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. పిండి గుప్పెడు వెనక్కి ఉంచండి. చలిమిడి గరిటె నుంచి మెల్లగా జారే ముద్దలా ఉంటే చాలు, చల్లారితే ఇంకా గట్టిపడుతుంది. పలచబడితే ఆ గుప్పెడు పిండి కలపాలి. గట్టిపడితే రెండు చెంచాల వేడి పాలు.

తట్టడం పదకొండేళ్ళవాడు చేయగలడు, అరటాకు ముక్కకి నూనె రాసివ్వండి. నూనె దగ్గరకి మాత్రం రానివ్వకండి. మధ్యస్థం మంట మీద వేయించి, తీయగానే రెండు అరిసెల చెక్కల మధ్య నొక్కాలి. నొక్కడం ఆలస్యమైతే నూనె లోపలే బిగుసుకుపోతుంది.

ఇంకో వెసులుబాటు ఉంది. చలిమిడి వరకు ఒక రోజు చేసి మూత పెట్టి, మర్నాడు వేయించుకోవచ్చు. పైన కాస్త గట్టిపడుతుంది, మళ్ళీ మర్దన చేస్తే చాలు.

లిఫ్ట్_పక్కన
ఇంత కష్టం దేనికండీ? ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి. కొనేయండి.

బెల్లం_పాకం
కొనొద్దని ఎవరన్నారు? ఆత్రేయపురం పూతరేకులు అందరూ కొనేవే. జంతికలు, కాజాలు, గవ్వలు కొనండి. ఒక్క వంటకం మాత్రం ఇంట్లో చేయండి. అది పిల్లలు చేయి పెట్టగలిగేదై ఉండాలి. అన్నీ కొన్న ఇంట్లో పిల్లలకి పండగంటే డబ్బా మూత తీయడమే. అన్నీ చేసిన ఇంట్లో అమ్మకి పండగే ఉండదు. నా లెక్క ఇంతే.

ఐఐటీ_మామయ్య
పెద్దమ్మాయి సంగతి ఎవరూ ముట్టుకోలేదు. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో, సంక్రాంతి అయిన వారం పది రోజుల్లోనే పడుతుంది. 2025లో జనవరి 22న మొదలైంది. పరీక్ష ఉన్న ఏడాది ఆ పిల్ల నుంచి పండగ పని ఆశించొద్దు, అలాగని పండగే లేకుండా గదిలో పెట్టి తలుపు వేయొద్దు.

ఆచరణలో కుదిరేది ఏమిటంటే, భోగి నాడు నాలుగింటికి లేపకండి. ఆరింటికి లేచి తలంటు పోసుకుని, మంట నిప్పుల దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. తలంటుకి నువ్వులనూనె, శనగపిండి, పసుపు నలుగు. జుట్టు ఆరకముందే చలిలో తిప్పకండి. ఈ సమయంలో జలుబు చేస్తే ఆ బాధ వేరు. భోజనానికి అందరితో కూర్చోవాలి. సంక్రాంతి సాయంత్రం రెండు గంటలు పూర్తి సెలవు. మిగతా టైములో చుట్టాలు "ఎంత వస్తుంది, ర్యాంకు ఎంత" అని అడక్కుండా కాపలా కాయడం మీ పని. ఊరికి రాకపోవడమే మేలనిపిస్తే ఒకరు ఆమెతో హైదరాబాదులో ఉండిపోండి. పిల్లని ఒంటరిగా హాస్టల్లో మాత్రం వదలకండి. నూనె వంటలు కొత్తగా ఎక్కువ తినిపించకండి, పరీక్ష ముందు కడుపు పాడుచేసుకుంటే తిప్పుకోవడం కష్టం.

ఆ తర్వాతి ఏడాదికి ఆ పిల్ల ఇంజనీరింగ్ హాస్టల్లో ఉంటుంది. అప్పుడు మీ ప్రశ్న రైలు టికెట్.

పీఎన్నార్_ప్రాప్తిరస్తు
ఆ టికెట్ సంగతి నేను చూస్తా. పాత 120 రోజుల లెక్క మర్చిపోండి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 60 రోజులే, ప్రయాణం రోజు కలపకుండా. అంటే జనవరి 12 బండికి నవంబరు 13 ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణం జనవరి 17 అయితే నవంబరు 18. గోదావరి జిల్లాల బండ్లలో నిమిషాల్లో వెయిటింగ్‌కి పోతుంది, కాబట్టి ప్రయాణికుల వివరాలు ముందు రాత్రే ఐఆర్‌సీటీసీ మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టుకోండి.

తేదీలు చూసుకుని మరీ చేయండి. సంక్రాంతి ఒక్కో ఏడు 14న, ఒక్కో ఏడు 15న వస్తుంది. 2024లో 15నే. గుడ్డిగా 13, 14 అనుకుంటే ఒక రోజు తప్పుతుంది.

అసలు గొడవ తిరుగు ప్రయాణంలో ఉంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు, పెద్దవాళ్ళు ఆ రోజు బయల్దేరనివ్వరు. బెంగళూరు ఆఫీసులో పిల్లాడికి కనుమ సెలవు ఉండదు. సంక్రాంతి రాత్రే బండి ఎక్కించేస్తే మాట దక్కుతుంది, పిల్లాడి సెలవూ దక్కుతుంది. లేదా ముందే సెలవు పెట్టించి ముక్కనుమ రాత్రికి తీయండి. "అప్పుడు చూద్దాంలే" అన్న ఇళ్ళలోనే కనుమ నాడు గుమ్మంలో వాదన.

బెజవాడ_బాబాయ్
పెళ్ళిళ్ళు అయ్యాక ఇంకో లెక్క. మొదటి సంక్రాంతికి అల్లుడు అత్తారింటికే వెళ్ళాలి, అందులో బేరం లేదు. పెళ్ళైన ఏడు ముక్కనుమ నాడు కొత్త పెళ్ళికూతుళ్ళు సావిత్రీ గౌరీదేవి నోము పట్టే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఆనవాయితీ ఉంటే ముందే వియ్యాలవారికి చెప్పుకోండి, టికెట్లు చేశాక కాదు.

రెండో ఏడు నుంచి వంతులు. ఒకరిది తెలంగాణ, ఒకరిది కోస్తా అయితే అదృష్టమే: బతుకమ్మ, దసరా అటు, సంక్రాంతి ఇటు. ఎవరి పెద్ద పండగ వాళ్ళకి దక్కుతుంది. ఇద్దరిదీ కోస్తానే అయితే ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. భోగి ఇక్కడ కనుమ అక్కడ అనే పంపకం వంద కిలోమీటర్లలోపు ఊళ్ళకే చెల్లుతుంది. ఆపైన అయితే ఆ మూడు రోజులూ రోడ్డు మీదే గడుస్తాయి.

పిల్లలు రాని ఏడు పెద్దవాళ్ళిద్దరే ఉంటారు కదా, ఆ ఏడు పెద్దలకి పెట్టుకోవడం, పరమాన్నం, కనుమకి పావుకిలో మినప్పప్పు గారెలు. అంతకి మించి చేయించకండి.

డల్లాస్_దోసకాయ
బయట దేశంలో పెరిగే పిల్లల సంగతి రెండు ముక్కలు. జనవరిలో రేగిపళ్ళు దొరకడం కష్టం, తాజా పళ్ళు ఇండియా నుంచి మోసుకురానివ్వరు. చాలామంది తాజా క్రాన్‌బెర్రీలు వాడతారు. సైజు, రంగు సరిపోతాయి, కానీ నలిగితే కార్పెట్ మీద మరక పోదు, కింద షీటు తప్పనిసరి. చాక్లెట్లు కలిపితే పిల్లలు పోయకముందే ఏరుకోవడం మొదలుపెడతారు, అవి విడిగా ఇవ్వండి.

అసోసియేషన్ సంక్రాంతి ఎప్పుడో శనివారం జరుగుతుంది. దాన్ని సంబరంగా చూడండి, ఇంటి భోగిపళ్ళు మాత్రం భోగి సాయంత్రమే, బడి నుంచి వచ్చాక అరగంటలో అయిపోతాయి. ఊళ్ళో భోగిమంట వీడియోలో చూపించాలంటే అక్కడ ఉదయం 5 గంటలకి ఇక్కడ డల్లాస్‌లో ముందు రోజు సాయంత్రం 5:30. న్యూజెర్సీలో 6:30. పిల్లలు మెలకువగా ఉండే టైమే. లండన్ వాళ్ళకే రాత్రి 11:30 అవుతుంది. పెరట్లో మంట వేసేముందు మీ ఊరి నిబంధన చూడండి. ఫైర్ పిట్‌కి ఒప్పుకుని నేల మీద మంటకి ఒప్పుకోని చోట్లు ఉన్నాయి.

టీనేజ్ వాళ్ళకి తెలుగులో ఉపన్యాసం వద్దు, కలశం పక్కన ముగ్గు వేయమని నల్ల కార్డుబోర్డు, సుద్ద ఇవ్వండి. బయట గడ్డకట్టిన నేల మీద పిండి నిలవదు.

కొండపల్లి_చెక్క
కొలువు మిగిలిపోయింది. భోగి నాడు పెట్టి కనుమ దాకా ఉంచే ఇళ్ళలో "ఒకసారి మొదలుపెడితే మానకూడదు" అనే పట్టింపు ఉంటుంది. మానక్కర్లేదు, మెట్లు తగ్గించండి. మెట్లు బేసి సంఖ్యలో ఉంటే చాలు, తొమ్మిది నుంచి మూడుకి రావచ్చు. 9, 18, 27 అంగుళాల ఎత్తు అట్టపెట్టెలు మూడు, లోపల పాత పుస్తకాలు బరువుకి, పైన తెల్ల పంచె. పంచెని ప్రతి మెట్టు మడత దగ్గర పిన్నుతో బిగించండి. లేకపోతే చిన్నది కొస లాగిందంటే దేవుళ్ళు మొదలు అందరూ కిందకి వస్తారు. పై మెట్టు దేవుళ్ళు, కింద నేల మీద ఊరు, సంత, పొలం.

పొలం పదకొండేళ్ళవాడి పని. పళ్ళెంలో అంగుళం మందం కొబ్బరి పొట్టు, దాని మీద ఆవాలు ఒత్తుగా చల్లి రోజుకి రెండుసార్లు నీళ్ళు చిలకరించాలి. చలికాలం కాబట్టి ఏడెనిమిది రోజుల ముందే వేయాలి. నీళ్ళు నిలిస్తే బూజు పడుతుంది. మొలకలొచ్చాక వెలుతురులో పెట్టకపోతే పసుపుపచ్చగానే ఉండిపోతాయి.

కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి, తేలిక, అంచులు తొందరగా విరుగుతాయి. పాప చేతికి ఏటికొప్పాక లక్క బొమ్మలివ్వండి. అవి అంకుడు కర్రవి, నున్నగా ఉంటాయి, కోసుకునే అంచులుండవు. విడిపోయే చిన్న ముక్కలున్నవి మాత్రం పక్కన పెట్టండి. ఎత్తిపెట్టేటప్పుడు తడిబట్టతో తుడవకండి, పొడి బ్రష్షు చాలు. ఒక్కోదాన్నీ నూలుబట్టలో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే చెమ్మ లోపలే ఉండి రంగు పొరలు లేస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వేస్తే చిన్న గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి, రంగుకి తగలనివ్వొద్దు.

ఏటా ఒక్క కొత్త బొమ్మ కొనాలి కదా, ఇకనుంచి ఎంచుకునేది పిల్లలే. క్రికెటర్ బొమ్మ తెచ్చినా సరే, సంతలో నిలబెట్టండి.

సీతాఫలం
చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. బాబుకి పిడకలు, నాణేల లెక్క, ఆవాల పొలం. పెద్దమ్మాయికి రథం ముగ్గు ఒక్కటే. అరిసెలు అరకిలో. ఒక్క సందేహం: బాబు పిడకలు హైదరాబాదులోనే చేసి తీసుకెళ్తానంటున్నాడు. మా బాల్కనీ ఉత్తరం వైపు, ఎండ రాదు.

పిడకల_దండ
ఉత్తరం బాల్కనీలో ఎండవు, వాసన మీకూ పక్కింటికీ సరిపోతుంది. టెర్రస్ మీద పాత తడిక పరిచి పెట్టించండి, గాలి కింద నుంచి కూడా తగిలి తొందరగా ఆరతాయి. సాయంత్రం కాగానే మంచు పడకుండా గోనెపట్టా కప్పాలి, పొద్దున ఎండెక్కాక తీయాలి. రైల్లో తెచ్చేటప్పుడు దండ గుచ్చి తేవొద్దు, ఒరిపిడికి చిల్లుల దగ్గర విరుగుతాయి. విడిగా అట్టపెట్టెలో గడ్డి మధ్య పేర్చి, పురికొస ఊళ్ళోనే ఎక్కించుకోమనండి. నాలుగైదు పిడకలు ఎక్కువ చేయమనండి, దారిలో విరిగినవి పోగా చెల్లెలి దండకి తగ్గకుండా ఉంటాయి.